సముద్రం లేని ఊళ్ళో సముద్రం



మా కట్టంగూరు నల్లగొండ జిల్లాలో ఒక మెట్ట ఊరు. బత్తాయి తోటలు, పత్తిచేలు, రాళ్ళగుట్టలు, చెరువులు - మా కంటికి ఆనేవి ఇవే. సముద్రం చూడాలంటే రెండు వందల కిలోమీటర్లకు పైనే పోవాలి. "అట్లాంటి ఊరిదానివి, సముద్రం సంగతి నీకెందుకమ్మా?" అని మీరు అడగవచ్చు. అడగవలసిందే. ఈ పూట నేను చెప్పబోయేది కూడా ఆ సంగతే.

ఒడ్డున ఉన్నవాళ్ళకు సముద్రం బతుకుతెరువు. వల వేయాలి, చేప తేవాలి, గాలి మారితే భయపడాలి. దూరాన ఉన్నవాళ్ళకు అది ఒక మోజు. ఈ మోజు ఇవాళ్టిది కాదు, ఒక్క మన దేశానిదీ కాదు. ఈజిప్టు దేశాన్ని ఏలిన హాత్‌షెప్సుత్ అనే రాణి క్రీస్తుకు పూర్వం 15వ శతాబ్దంలో దూరదేశానికి ఓడలు పంపించి, అవి తెచ్చిన సాంబ్రాణి చెట్లనూ, ఓడలనూ తన గుడి గోడల మీద చెక్కించుకుంది. మన సంగతి చూసుకుంటే, సముద్రాన్ని కంటితో చూడని పల్లెల్లో కూడా హనుమంతుడు సముద్రం దాటిన ఘట్టం వస్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. పాలసముద్రం చిలికితే పుట్టిన తల్లి కాబట్టి లక్ష్మీదేవి సముద్రుడి కూతురని అందరికీ తెలుసు. ఆఖరికి మన కాపురాన్ని కూడా సంసార సాగరం అనే అన్నారు పెద్దలు. చూడని సముద్రాన్ని రోజూ ఈదుతూనే ఉన్నామన్నమాట!

అయితే మోజులో రెండు రకాలున్నాయి. చూసి, మురిసి, ఇంటికొచ్చాక మరిచిపోయే మోజు ఒకటి. ఏదో ఒకటి కట్టి, నిలబెట్టి, వెనకటివాళ్ళకు మిగిల్చిపోయే మోజు ఒకటి. మన మెట్ట సీమవాళ్ళ సముద్రపు మోజు రెండో రకం. అది ఒకచోట మండపమైంది, ఒకచోట చెరువైంది, ఒకచోట చట్టమైంది. ఇందులో ఆడవాళ్ళ పాలు కూడా ఉన్నది. ఆ కథే మీకు చెప్తాను.

ముందు మన ఇంటినించే మొదలుపెడదాం. వంటింట్లో ఉప్పుజాడీ ఉంది కదా, ఆ ఉప్పు సముద్రానిది. అడవిలో ఉసిరికాయకూ సముద్రంలో ఉప్పుకూ జత కుదిరినట్టు అని సామెత చెప్పుకుంటాం. మెట్టసీమలో ఆ జత కుదరడానికి మధ్యలో ఒక మనిషి ఉండేవాడు. అతను లంబాడీ బిడారువాడు. రైళ్ళు లేని కాలంలో వందల కొద్దీ ఎద్దుల మీద పెరికెలు వేసి, కోస్తానించి ఉప్పు తెచ్చి, ఇక్కడి ధాన్యం, పత్తి పట్టుకుపోయేవారు. ఆ బిడారులో ఆడవాళ్ళు, పిల్లలు అందరూ నడిచేవాళ్ళే. ఉప్పును చేతికి చెయ్యిగా ఇవ్వకూడదని, ఒలకబోయకూడదని మన అత్తగార్లు ఎందుకంత పట్టుబట్టేవారో, ఆ ఎద్దుల బాట తలచుకుంటే నాకు అర్థమవుతుంది.

ఇక మెడలోకి చూసుకోండి. పుస్తెలతాడుకు గుచ్చుకునే పగడం సముద్రం అడుగున పుట్టింది. ముత్యం సముద్రానిది. రోము దేశంలో ప్లినీ అనే పండితుడు ఒకాయన ఉండేవాడు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయాడు. మా ఆడవాళ్ళకు ఇండియా ముత్యాల మీద ఎంత ప్రీతో, ఇండియావాళ్ళకు పగడాల మీద అంత ప్రీతి అని ఆయన రాశాడు. అంటే మన ముత్యం అటు పోయింది, వాళ్ళ మధ్యధరా సముద్రపు పగడం ఇటు వచ్చింది. పెట్టెలో అడుగున పడి ఉన్న గవ్వలో? అష్టాచెమ్మా ఆడుకునే గవ్వలు ఒకప్పుడు చెల్లుబాటయ్యే చిల్లర డబ్బు. వాటికి పెద్ద పుట్టిల్లు మాల్దీవులు. చూశారా, సముద్రం లేదనుకున్న ఇంట్లో ఎంత సముద్రం ఉన్నదో!

ఇప్పుడు గడప దాటి మా పొరుగుకు వద్దాం. కట్టంగూరుకు పక్కనే నకిరేకల్. ఆ ప్రాంతంలో అక్కనపల్లి అనే ఊళ్ళో పదిహేను వందలకు పైగా రోమను వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. అగస్టస్, టైబీరియస్ అనే చక్రవర్తుల బొమ్మలున్న నాణేలు. ఏసుక్రీస్తు నాటి డబ్బు నల్లగొండ నేలలో! పంట పండించుకునే పల్లెకు రోముతో పనేమిటి? పని ఉన్నది. ఆ కాలంలో గ్రీకు నావికుడొకడు రాసిన 'పెరిప్లస్' అనే పుస్తకంలో మన కృష్ణాతీరాన్ని మసాలియా అన్నాడు, అక్కడ సన్నబట్టలు విస్తారంగా నేస్తారని చెప్పాడు. ఆ బట్టకు కావలసిన పత్తి పండేది మెట్ట నేలల్లో. ప్లినీగారికి ఈ వ్యాపారం మీద మహా కోపం. ఏడాదికి 5 కోట్ల సెస్టర్సులు - అది వాళ్ళ నాణెం - ఒక్క ఇండియాకే పోతున్నాయని లెక్క చెప్పాడు. ఇండియా, చైనా, అరేబియా మూడింటికీ కలిపి 10 కోట్లు పోతున్నాయని, మన భోగాలకూ మన ఆడవాళ్ళకూ అయ్యే ఖర్చు ఇదీ అని సణిగాడు. ఖర్చు ఎక్కువైతే నేరం ఆడవాళ్ళ మీద మోపడం రోములో కూడా ఉన్నదన్నమాట!

ఆ ఓడలు ఎట్లా వచ్చేవంటారా? గాలివాటంతో. ఎండాకాలం పోయాక నైరుతి నుంచి గాలి లేస్తుంది. ఆ గాలికి తెరచాప ఎత్తితే ఎర్రసముద్రం మూతి నుంచి మన పడమటి తీరానికి 40 రోజుల్లో చేరవచ్చునని ప్లినీ రాశాడు. చలికాలంలో గాలి ఎదురుతిరిగితే తిరుగుప్రయాణం. అక్కచెల్లెళ్ళారా, ఒక్క మాట ఆలోచించండి. ఓడను తోసిన ఆ నైరుతి గాలే మనకు మృగశిర కార్తెలో వాన తెస్తుంది. సముద్రం మీద నీళ్ళు తాగి, మబ్బై వచ్చి, మన చేలో కురుస్తుంది. మెట్ట రైతు మొగులుకేసి చూస్తున్నాడంటే సముద్రం వైపు చూస్తున్నట్టే.

సముద్రం మీద మోజు రాజులకు కూడా తక్కువేం కాదు. శాతవాహనులు రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతో నాణేలు వేయించారు. యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుతో అట్లాంటివి తీరప్రాంతంలో దొరికాయి. కృష్ణా జిల్లా ఘంటసాల అప్పటి రేవు. అక్కడి ప్రాకృత శాసనంలో శివకుడు అనే మహానావికుడి పేరు కనిపిస్తుంది. టాలెమీ అనే గ్రీకు భూగోళ పండితుడు ఈ ఘంటసాలను 'కొంటకొస్సిల' అని రాసుకున్నాడు. మన శాసనాల్లో దాని పేరు కంటకసేల.

ఈ కంటకసేల పేరు దగ్గరే నాకు ఎంతో ఇష్టమైన ఒక ఆడమనిషి తగులుతుంది. ఆమె పేరు బోధిసిరి.

క్రీస్తుశకం 3వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున విజయపురి అనే పట్నం ఉండేది. ఇక్ష్వాకు రాజుల రాజధాని. తర్వాత నాగార్జునకొండ అని పేరొచ్చింది. మా నల్లగొండ జిల్లాకు ఏరు అడ్డం, అంతే. ఆ వంశపు రాజులు వైదిక యజ్ఞాలు చేస్తే, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు బౌద్ధ విహారాలు కట్టించారు. వీరపురుషదత్త మహారాజు మేనత్త చాంతిసిరి అక్కడి మహాచైత్యానికి పెద్ద దాత. అయితే ఆమె రాచబిడ్డ, కట్టించగలిగింది అనుకుందాం. బోధిసిరి మట్టుకు రాణి కాదు. ఉపాసిక, అంటే మనలాగే ఇల్లూ వాకిలీ చూసుకుంటూ ధర్మం పాటించిన గృహిణి. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో ఆమె ఒక చైత్యగృహం కట్టించి, సింహళదేశపు ఆచార్యులకు సమర్పించింది. సముద్రం అవతలివాళ్ళకు! ఆ ఆచార్యులు కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, తామ్రపర్ణి దీవి - ఇన్ని దేశాలవాళ్ళను ధర్మంలోకి తెచ్చారని ఆ శాసనంలో చెక్కించింది. ఇంకా తాను ఎక్కడెక్కడ ఏమేమి కట్టించిందో ఒక పట్టీ కూడా వేసింది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, ఒకచోట చెరువు, ఒకచోట వసారా, మండపం... ఆ పట్టీలో కంటకసేల మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం కూడా ఉన్నది.

ఈ ముక్క చదివినప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. విజయపురి ఎక్కడ, ఘంటసాల రేవెక్కడ! ఓడ దిగినవాడు, ఎక్కబోయేవాడు దండం పెట్టుకునే చోట, వాళ్ళ నెత్తిన ఇంత నీడ ఉండాలని ఒక ఇల్లాలికి తోచింది. సముద్రం తలపుకు వచ్చినప్పుడు చాలామందికి నీళ్ళు, అలలు, ముత్యాలు తోస్తాయి. ఆమెకు ప్రయాణం చేసే మనిషి తోచాడు. పుణ్యం కూడా ఒక్కతే ఉంచుకోలేదు, తనవాళ్ళందరికీ పంచింది. పదిహేడు వందల ఏళ్ళ కిందటి గృహిణి పేరు మనకు తెలిసిందంటే, ఆమె అలా రాయించుకోబట్టే కదా! మనలో ఎంతమందిమి మన పేరున ఒక రాయైనా వేయించుకున్నాం?

రేవు దాకా చెయ్యి చాపలేనివాళ్ళ సంగతి ఏమిటి? వాళ్ళు సముద్రాన్నే ఊళ్ళోకి తెచ్చుకున్నారు. వెనకటి చెరువుల పేర్లు ఒకసారి వినండి. నల్లగొండ పక్కన పానగల్లులో ఉన్నది ఉదయ సముద్రం. కందూరు చోడులు పానగల్లు రాజధానిగా ఏలిన కాలంలో ఉదయ చోడుడి పేరున వెలిసిన చెరువు అది. కాకతీయుల రాజ్యంలో ఎటు చూసినా సముద్రాలే, సాగరాలే. వాళ్ళు సముద్రం ఎట్లా ఉంటుందో తెలియక ఈ పేర్లు పెట్టలేదు. సముద్రం నిజంగా ఏలినవాళ్ళే పెట్టారు.

సాగరం అనే మాట ఎట్లా వచ్చిందో పురాణం తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. సగరుడి కొడుకులు అరవై వేలమంది, యజ్ఞాశ్వాన్ని వెతుక్కుంటూ నేల తవ్వారు. వాళ్ళు తవ్వింది కాబట్టి సాగరం. అంటే మన పెద్దల లెక్కన సాగరమంటే మనిషి తవ్విందే! పలుగూ పారా పట్టుకుని, తట్టలు నెత్తినెత్తుకుని తవ్వుకున్న చెరువుకు ఆ పేరు పెట్టడంలో తప్పేముంది? ఏరు దూరం, వాన అంతంతమాత్రం. అట్లాంటి నేల మీద నీళ్ళు నిలిపితే, ఆ ఊరికి అదే సముద్రం. మేం బతుకమ్మను సాగనంపేది ఈ సముద్రాల్లోనే.

ఈ చెరువుల్లో ఒకటి ఆడబిడ్డ కట్టించింది. కాకతి గణపతిదేవ చక్రవర్తి చెల్లెలు మైలాంబ, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న బయ్యారంలో చెరువు తవ్వించి, ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. ఆ కట్ట దగ్గర వేయించిన శాసనంలో తన పుట్టింటి వంశావళి అంతా చెక్కించింది. కాకతీయుల తొలి తరాలవాళ్ళ పేర్లు చరిత్రకారులకు వరసగా దొరికింది ఆ శాసనంలోనే. వంశం పేరు నిలబెట్టేది కొడుకే అనేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి.

ఆమె అన్నగారు సముద్రం కోసం చేసిన పని ఇంకొకటి ఉన్నది. నా మట్టుకు నాకు ఈ కథ అంతటికీ అదే గుండెకాయ.

ఇప్పటి బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర, మోటుపల్లి అని ఒక చిన్న ఊరు. అప్పట్లో గొప్ప రేవు. ఆ రోజుల్లో ఒక దారుణమైన ఆచారం ఉండేది. తుఫాను దెబ్బకు ఓడ దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చినా, పగిలిపోయినా, అందులోని సరుకంతా ఆ తీరపు రాజుదే. అంటే చావు తప్పి బయటపడినవాణ్ణి నిలువునా దోచుకోవడమే. ఒక్క మన దగ్గరే కాదు, లోకంలో చాలాచోట్ల ఇదే వరస. 1244-45 ప్రాంతంలో గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించాడు. దాన్నే అభయ శాసనం అంటారు. పూర్వపు రాజులు అట్లా లాక్కునేవారు, మేం లాక్కోము, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ళ మీద దయతో నియమించిన సుంకం మాత్రమే తీసుకుంటాం - అని దాని సారం. మనిషికి ప్రాణం కంటే కూడా ధనం ముఖ్యమైపోతుందని, అందుకే ఇంత సాహసం చేస్తారని కూడా అందులో ఉన్నది. సుంకం ముప్పయికి ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, ఏనుగుదంతం, పగడం, రాగి, సీసం, పాదరసం, పట్టు, మిరియాలు, పోకలు - దేని మీద ఎంతో అన్నీ రాళ్ళ మీద కెక్కాయి. అధికారి తన నోటికి వచ్చినంత అడగడానికి వీల్లేకుండా!

ఇక్కడ ఇంకో దేశం ముచ్చట. ఇంగ్లండులో 1275లో ఒక చట్టం చేశారు. పగిలిన ఓడ నుంచి ఒక మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణంతో బయటపడితే, ఆ సరుకును దిక్కులేని సొత్తుగా లెక్కవేయకూడదు, సొంతదారు వచ్చి అడగడానికి గడువు ఇవ్వాలి అన్నారు. పిల్లి బతికితే సరుకు బతికినట్టు! మంచి చట్టమే. కాని దానికి ముప్పయ్యేళ్ళ ముందే, సముద్రానికి అంత దూరాన ఓరుగల్లులో కూర్చున్న రాజు, పిల్లీ కుక్కా షరతు లేకుండా మనిషికి అభయమిచ్చాడు. రెడ్డిరాజుల్లో అనపోతారెడ్డి కూడా 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ అభయం రాయించాడు. ఇందులో లాభం లేదా అంటే, ఉన్నది. వర్తకులు వస్తేనే రేవు, రేవు ఉంటేనే సుంకం. అయినా లాభం వచ్చే పనిని దయతో చేయడం కూడా అందరికీ చేతనయ్యేది కాదు.

గణపతిదేవుడి తర్వాత ఆ రేవు ఆయన కూతురు రుద్రమదేవి చేతికి వచ్చింది. 1262 నుంచి 1289 దాకా ఆమె ఏలుబడి. వెనిస్ నగరపు మార్కోపోలో తన ప్రయాణాల పుస్తకంలో మోటుపల్లిని 'ముత్ఫిలి' అని రాశాడు. ఇక్కడి బట్టలు సాలెగూడంత సన్నమని, వజ్రాలు దొరుకుతాయని చెప్పాడు. రాణిని గురించి, న్యాయం, ధర్మం, శాంతి కోరే మనిషి అనీ, ప్రజలు ఆమెను ప్రేమించినంతగా వెనక ఏ రాజునూ ప్రేమించలేదనీ మెచ్చుకున్నాడు. అయితే ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. అది పొరపాటు, ఆమె గణపతిదేవుడి కూతురు. ఆడమనిషి గద్దె మీద కూర్చున్నదంటే మొగుడిదే అయి ఉంటుందనుకున్నారు కాబోలు.

ఆ మహారాణి ఎట్లా, ఎప్పుడు పోయిందో చాలాకాలం సరిగా తెలియలేదు. ఆ జాడ మా పొరుగునే దొరికింది. నకిరేకల్ మండలంలో చందుపట్ల అనే ఊళ్ళో ఒక శాసనం ఉన్నది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందగా, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన దేవుడికి భూమి ఇచ్చినట్టు అందులో రాశారు. దాని తేదీ 1289 నవంబరు 27. వెనిస్ దాకా పేరు పోయిన రాణి చివరి కబురు ఒక మెట్ట పల్లెలో రాతి మీద మిగిలింది. హైదరాబాదు నుంచి విజయవాడకు పోయేటప్పుడు నకిరేకల్ దగ్గర ఒక గంట ఆగి పిల్లలకు ఆ రాయి చూపించండి. సినిమా కంటే బాగా గుర్తుంటుంది.

విజయవాడ దారి అన్నాను కదా, మా ఊరి మీదుగా పోయే ఆ జాతీయ రహదారి విజయవాడలో ఆగదు. మచిలీపట్నం దాకా, సముద్రం దాకా పోతుంది. గోలకొండ నవాబుల కాలంలో కూడా గోలకొండ నుంచి మచిలీపట్నం బాటే ఆ రాజ్యానికి ప్రాణనాడి. ఇంగ్లీషువాళ్ళు 1611లో దిగింది ఆ రేవులోనే. బంగాళాఖాతంలో అంత మంచి రేవు లేదని, అక్కడినుంచి పెగూకు, సయాముకు, మక్కాకు ఓడలు పోతాయని టవెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు రాశాడు. మన కలంకారీ బట్టలు పర్షియా పోయింది అక్కడినుంచే. అబ్దుల్లా కుతుబ్‌షా 1639లో తన పరివారంతో ఆ సముద్రపు రేవుకు స్వయంగా ప్రయాణం చేశాడు. ఈ బాట మొదట్లోనే హయత్‌నగర్ తగులుతుంది. అది ఆయన తల్లి హయాత్ బక్షీ బేగం పేరున వెలిసిన ఊరు. బస్సులో పోతూ రోజూ ఆ పేరు అంటాం గాని, అదొక అమ్మ పేరని ఎంతమందికి తెలుసు?

తర్వాత రోజులు మారాయి. 1759లో మచిలీపట్నం, 1766 ఒడంబడికతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ళ పాలయ్యాయి. నిజాం రాజ్యానికి సముద్రం అందకుండా పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మళ్ళీ ఒక్క రాష్ట్రంలోనే మెట్టా, తీరం కలిశాయి. 2014లో తెలంగాణ వేరైన తర్వాత మాది మళ్ళీ తీరం లేని రాష్ట్రం. గీతలు ఎన్నిసార్లు గీసినా ఉప్పు వస్తూనే ఉన్నది, బాట నడుస్తూనే ఉన్నది.

ఇంతసేపూ మోజు గురించి చెప్పాను. భయం గురించి కూడా చెప్పకపోతే ఒడ్డున ఉన్న అక్కచెల్లెళ్ళకు అన్యాయం చేసినదాన్నవుతాను. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నం ప్రాంతంలో 30 వేలమంది దాకా పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కల ప్రకారమే 10 వేలకు దగ్గరగా ప్రాణాలు. ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాతే తుఫాను షెల్టర్లు, ముందుగా ఊళ్ళు ఖాళీ చేయించే పద్ధతి గట్టిపడ్డాయి. 2014 అక్టోబరులో విశాఖ మీద హుద్‌హుద్ విరుచుకుపడ్డప్పుడు ఆస్తినష్టం విపరీతం, అయినా ప్రాణాలు పోయినవాళ్ళు వేలల్లో లేరు. కబురు ముందుగా చేరితే ఎంత తేడా ఉంటుందో చూడండి.

మనం కూరగాయలు తరుగుతూ రేడియో పెట్టుకుంటాం. "మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు" అని వస్తుంది. ఆ మాట మనకు కాదనుకుని పోపు వేసుకుంటాం. కాని ఎక్కడో ఒక ఇంట్లో ఒక ఇల్లాలు ఆ మాట విని, మగమనిషిని పడవ ఎక్కవద్దని బతిమాలుతూ ఉంటుంది. ఎక్కకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. ఎక్కితే మనిషి తిరిగిరాకపోవచ్చు. గణపతిదేవుడు శాసనంలో చెప్పిన సాహసం ఇదే. ఏడున్నర శతాబ్దాలు దాటినా అది తగ్గలేదు. తుఫాను సాయమని ఎవరైనా మన గుమ్మం ముందుకు వచ్చినప్పుడు, పాతచీర కదా అని చిరుగు చూడకుండా ఇవ్వడం కాదు, వాళ్ళ ఉప్పు తింటున్నామని గుర్తుపెట్టుకుని ఇవ్వాలి.

ఇక చివరి ముచ్చట. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు కృష్ణ మీద ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. రాతికట్టడపు ఆనకట్టల్లో అంత పెద్దవి లోకంలో అరుదు. వేలాదిమంది కూలీలు కట్టారు, అందులో రాళ్ళూ సున్నమూ నెత్తిన మోసిన ఆడకూలీలు ఎందరో. సగరుడి కొడుకుల పేరు పురాణంలో ఉన్నది గాని, ఈ తట్టలు మోసిన ఆడకూతుళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. దానికి పెట్టిన పేరు నాగార్జున సాగరం, మళ్ళీ సాగరమే! ఆ సాగరం కిందనే బోధిసిరి తిరిగిన విజయపురి మునిగింది. మునగక ముందే పురావస్తు శాఖవాళ్ళు ఏళ్ళ తరబడి తవ్వి, ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండ మీదికి చేర్చి మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు ఆ కొండ ఒక దీవి. అక్కడి మ్యూజియానికి లాంచీ ఎక్కి పోవాలి. సముద్రం అవతలివాళ్ళకు విహారం కట్టించిన తల్లి ఊరు చూడాలంటే మనం ఇప్పుడు నీళ్ళు దాటి పోవలసి వచ్చింది.

ఆ నీళ్ళు కాలువల్లో పడి చేలకు వస్తున్నాయి. కృష్ణ నీళ్ళే ఇవాళ పానగల్లు ఉదయ సముద్రాన్ని కూడా నింపుతున్నాయి. ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంకర్లు పోయిన పల్లెలు మా జిల్లాలో ఎన్ని ఉన్నాయో మీరు పేపర్లలో చదివే ఉంటారు. అట్లాంటి చోట మంచినీళ్ళు బిందెలోకి వస్తే, ఆ ఇల్లాలికి ఏ సముద్రం ముందు నిలబడ్డా అంత ఆనందం ఉండదు.

కనుక అక్కచెల్లెళ్ళారా, సెలవులకు విశాఖకో పూరీకో పోతే అలల్లో కాళ్ళు తడుపుకోండి, పిల్లలకు గవ్వలు ఏరి ఇవ్వండి, తప్పులేదు. దానితోపాటు బోధిసిరి మండపం, మైలాంబ చెరువు, మోటుపల్లి అభయం - ఈ మూడు ముచ్చట్లు కూడా వాళ్ళకు చెప్పండి. ప్రయాణం చేసేవాడికి నీడ, దప్పికగొన్నవాడికి నీళ్ళు, ఆపదలో ఉన్నవాడికి అభయం. సముద్రం చూసి మురిసినవాళ్ళు లోకంలో కోట్లమంది. దాన్ని తలచుకుని ఈ మూడూ చేసినవాళ్ళు మనవాళ్ళు.

సెలవు.